పాత మోడెమ్ – కొత్త కొలువు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంట్లో మూలపడిన మోడెమ్ రూటర్‌ను గృహ నెట్‌వర్క్‌లో స్విచ్‌గా ఏ విధంగా వినియోగించుకోవచ్చునో, అందుకు ఏయే జాగ్రత్తలు అవసరమో తెలియజేయడం. ఒక వస్తువును పనికిరానిదిగా నిర్ణయించే ముందు దాని నిర్మాణాన్ని తెలుసుకోవాలనే వివేచనను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నది తెలుగువారి సామెత. మానవ స్వభావంలోని ఒక బలహీనతను ఈ నాలుగు మాటలు చక్కగా పట్టి చూపుతాయి. అయితే ఆ సామెతను పలికిన తెలుగు ఇల్లే పాత వస్తువును అంత తేలికగా వదులుకోలేదు. చిరిగిన నేతచీర బొంతగా మారింది. ఆ బొంత కూడా చిరిగితే మసిగుడ్డ అయింది. చిల్లిపడిన ఇత్తడి బిందె మాటు వేయించుకొని మళ్ళీ నూతి దగ్గరకు వెళ్ళింది. మాటుకు లొంగనిది పెరటిలో పూలమొక్కకు ఆశ్రయమిచ్చింది. దేవాలయాల విషయంలో ఇటువంటి పనికే పెద్దలు ‘జీర్ణోద్ధరణ’ అనే గంభీరమైన పేరు పెట్టారు. శిథిలమైన దానిలో ఇంకా నిలిచి ఉన్న భాగాన్ని గుర్తించి, దానిని తిరిగి వినియోగంలోకి తేవడమే జీర్ణోద్ధరణ.

ఎలక్ట్రానిక్ వస్తువులు ఇళ్ళలోకి వచ్చిన తరువాత ఈ అలవాటు సన్నగిల్లింది. పొదుపు మీద ఆసక్తి తగ్గడం అందుకు ఒక కారణం. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉన్నది. చీరను చూస్తే ఏ భాగం చిరిగిందో, ఏ భాగం గట్టిగా ఉన్నదో కంటికి కనిపిస్తుంది. బిందెలో చిల్లి ఎక్కడ ఉన్నదో నీళ్ళు పోస్తే తెలుస్తుంది. మూసి ఉన్న ప్లాస్టిక్ పెట్టె మాత్రం తనలో ఏమున్నదో చెప్పదు. అందువల్ల అందులోని ఒక భాగానికి పని లేకపోతే పెట్టె మొత్తానికే పని లేదని గృహస్థులు భావిస్తారు. అటకల మీద, బల్ల సొరుగులలో దుమ్ము పట్టి ఉన్న పాత మోడెమ్‌లు ఈ అపోహకు నిదర్శనాలు.

మోడెమ్ అటకెక్కిన కథ

భారతదేశంలో 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస ప్రమాణంగా నిర్ణయించింది. 2005 జనవరిలో ప్రభుత్వ రంగ సంస్థ అయిన బి.ఎస్.ఎన్.ఎల్. ‘డేటావన్’ అనే పేరుతో బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించింది. టెలిఫోన్ కోసం వేసిన రాగి తీగల మీదుగానే ఇంటర్నెట్ ఇంటికి చేరింది. ఈ పద్ధతిని ఎ.డి.ఎస్.ఎల్. అంటారు.

ఇందులోని కిటుకు తెలుసుకోదగినది. టెలిఫోన్ తీగలో మనిషి మాటను మోసే సంకేతాలు 4 కిలోహెర్ట్జ్‌ల లోపు పౌనఃపున్యాలలోనే ఉంటాయి. అంతకన్నా ఎగువన ఎంతో అవకాశం ఖాళీగా మిగిలి ఉంటుంది. ఆ ఖాళీలో కంప్యూటర్ సమాచారాన్ని పంపించారు. కాబట్టే ఒకే తీగ మీద ఇంట్లో ఒకరు ఫోనులో మాట్లాడుతుండగా మరొకరు ఇంటర్నెట్ చూడగలిగారు. కంప్యూటర్ సమాచారాన్ని తీగ మోయగలిగిన సంకేతాలుగా మార్చడాన్ని మాడ్యులేషన్ అని, వచ్చిన సంకేతాల నుండి సమాచారాన్ని తిరిగి రాబట్టడాన్ని డీమాడ్యులేషన్ అని అంటారు. ఈ రెండు పనులూ చేసేది కనుక ఆ రెండు పదాల తొలి భాగాలను కలిపి ఆ పరికరానికి ‘మోడెమ్’ అని పేరు పెట్టారు.

కాలక్రమంలో రాగి తీగల స్థానంలో ఆప్టికల్ ఫైబర్ అనే గాజుపోగులు వచ్చాయి. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఫైబర్ గ్రిడ్ పథకం విద్యుత్ స్తంభాల మీదుగా ఈ పోగులను ఊళ్ళకు చేర్చింది. నగరాలలోనూ, పట్టణాలలోనూ ప్రైవేటు సంస్థలు అదే బాటలో నడిచాయి. గాజుపోగులో ప్రయాణించేది కాంతి. రాగి తీగలోని విద్యుత్ సంకేతాలను మాత్రమే చదవగలిగిన పాత మోడెమ్‌కు కాంతి భాష తెలియదు. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఆ కాంతిని చదివే కొత్త పరికరం ఇంటికి వచ్చింది. పాతది అక్షరాలా అటకెక్కింది.

ఒకే పెట్టెలో నలుగురు సేవకులు

పాత పరికరాన్ని అందరూ మోడెమ్ అనే పిలిచినా, నిజానికి ఆ పెట్టెలో నలుగురు సేవకులు ఉంటారు. మొదటివాడు మోడెమ్. బయటి తీగకు, ఇంటికి మధ్య దుబాసీ వంటివాడు. రెండవవాడు రూటర్. ఇంటి నెట్‌వర్క్‌కు, బయటి ఇంటర్నెట్‌కు మధ్య సమాచారానికి దారి చూపేవాడు. ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచిపెట్టే పని కూడా ఇతని శాఖలోనే జరుగుతుంది. మూడవవాడు స్విచ్. ఇంటిలోపలి పరికరాలను తీగల ద్వారా ఒకదానితో ఒకటి కలిపేవాడు. నాలుగవవాడు వైఫై. తీగ లేకుండా అదే పని చేసేవాడు. వైఫై లేని నమూనాలలో సేవకులు ముగ్గురే.

పెట్టె వెనుక భాగాన్ని పరిశీలిస్తే ఈ విభజన కొంత కనిపిస్తుంది. టెలిఫోన్ తీగకు సరిపోయే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది మోడెమ్ ద్వారం. దాని పక్కన కొంచెం వెడల్పైన రంధ్రాలు, చాలా నమూనాలలో నాలుగు, వరుసగా ఉంటాయి. అవి స్విచ్ ద్వారాలు. వీటినే ల్యాన్ పోర్టులు అంటారు.

ఫైబర్ వచ్చినప్పుడు నిజంగా పని కోల్పోయినవాడు మొదటివాడు ఒక్కడే. రెండవవాడి పనిని కొత్త పరికరం తీసుకున్నది. మూడవవాడు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాడు. ఇంటికి వచ్చే తీగ రాగిదా, గాజుదా అన్న విషయంతో అతనికి సంబంధం లేదు. ఒకడి ఉద్యోగం పోయిందని నలుగురినీ ఇంటికి పంపడం ఎంతవరకు సమంజసం?

స్విచ్ అనగా ఏమిటి?

స్విచ్ అనగానే గోడ మీద దీపాన్ని వెలిగించి ఆర్పే మీట గుర్తుకు వస్తుంది. నెట్‌వర్క్ పరిభాషలో ఈ పదానికి అర్థం వేరు. తీగల ద్వారా వచ్చే సమాచారపు ప్యాకెట్లను గమ్యం తెలుసుకొని సరైన తీగలోకి మళ్ళించే కూడలి పరికరమే స్విచ్.

ఈ తీగల నెట్‌వర్క్‌కు ఈథర్‌నెట్ అని పేరు. అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే నెలలో ఒక అంతర్గత పత్రంలో ఈ పేరును ప్రతిపాదించాడు. కాంతి ప్రయాణానికి ‘ఈథర్’ అనే అదృశ్య మాధ్యమం ఆధారమని పంతొమ్మిదవ శతాబ్దపు భౌతిక శాస్త్రజ్ఞులు భావించేవారు. అంతటా వ్యాపించి అందరి సందేశాలనూ మోసే తీగకు ఆ పేరు తగినదని మెట్‌కాఫ్ తలచాడు. భారతీయ తర్కశాస్త్రం కూడా శబ్దానికి ఆశ్రయంగా సర్వవ్యాపకమైన ఆకాశాన్ని చెప్పింది. భౌతిక శాస్త్రం ఈథర్ భావనను విడిచిపెట్టినా, ఆ పేరు మాత్రం ఇంటింటి తీగలలో నిలిచిపోయింది.

తొలినాళ్ళలో తీగలన్నింటినీ కలపడానికి ‘హబ్’ అనే పరికరాన్ని వాడేవారు. హబ్ పని దండోరా వేసేవాడి పని వంటిది. ఒక ద్వారం గుండా వచ్చిన ప్రతి సందేశాన్నీ మిగిలిన ద్వారాలన్నింటికీ వినిపిస్తుంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే సందేశాలు ఢీకొని చెడిపోతాయి. స్విచ్ అనుభవజ్ఞుడైన తపాలా బంట్రోతు వంటిది. ఎవరి ఉత్తరం వారికే అందిస్తుంది.

ఏ ఇంట్లో ఎవరున్నారో ఆ బంట్రోతుకు ఎలా తెలుస్తుంది? నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ మ్యాక్ చిరునామా అనే 48 బిట్ల గుర్తు ఉంటుంది. ప్రతి ప్యాకెట్ మీద పంపినవారి గుర్తు, అందుకోవలసినవారి గుర్తు రెండూ ఉంటాయి. ఒక ద్వారం గుండా ప్యాకెట్ రాగానే స్విచ్ ముందుగా పంపినవారి గుర్తును చూసి, ఆ పరికరం ఆ ద్వారం వైపు ఉన్నదని తన పట్టికలో రాసుకుంటుంది. తరువాత అందుకోవలసినవారి గుర్తును పట్టికలో వెదుకుతుంది. దొరికితే ఆ ద్వారం గుండా మాత్రమే ప్యాకెట్‌ను పంపుతుంది. దొరకకపోతే, వచ్చిన ద్వారం తప్ప మిగిలిన అన్నింటి గుండా పంపి, జవాబు వచ్చినప్పుడు కొత్త సంగతిని నేర్చుకుంటుంది. కొంతకాలం మాట్లాడని పరికరాల పేర్లను పట్టిక నుండి తొలగిస్తుంది. చూచి నేర్చుకోవడం, అవసరం లేనిదాన్ని మరచిపోవడం అనే రెండు గుణాలే స్విచ్ సామర్థ్యానికి మూలం.

అనేక ద్వారాలు గల తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990 ప్రాంతంలో విపణిలోకి తెచ్చిన సంస్థ పేరు ‘కల్పన’. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో సహ వ్యవస్థాపకుడిగా ఆ సంస్థను నెలకొల్పి, దానికి తన భార్య పేరు పెట్టాడు. 1994లో సిస్కో సంస్థ దానిని కొనుగోలు చేసింది. తెలుగువారికి సుపరిచితమైన ఒక సంస్కృత పదం ఆధునిక నెట్‌వర్క్ చరిత్రలో తొలి పుటలలో ఉండడం ముదావహం.

ఇంటికి స్విచ్ ఎందుకు?

వైఫై ఉండగా తీగలు ఎందుకనే ప్రశ్న సహజమే. వైఫై సౌకర్యం గొప్పదే కాని, గోడలూ దూరమూ దాని బలాన్ని తగ్గిస్తాయి. రెండంతస్తుల ఇంటిని ఊహించుకోవచ్చు. ప్రధాన రూటర్ కింది అంతస్తులోని ముందు గదిలో ఉన్నది. చదువుకునే గది పై అంతస్తులో ఉన్నది. మధ్యలో సిమెంటు కప్పు అడ్డం. పై గదిలో కంప్యూటర్, ముద్రణ యంత్రం, టెలివిజన్ ఉన్నాయి. ఆన్‌లైన్ పరీక్ష జరిగే సమయంలో సంకేతం తెగిపోతే విద్యార్థి పడే ఆవేదన తక్కువేమీ కాదు. మూడు పరికరాలకూ కింది నుండి మూడు తీగలు లాగడం కష్టం, ఖర్చు. ఒక్క తీగను పైకి తీసుకొనిపోయి, అక్కడ స్విచ్‌కు కలిపితే అది మూడు పరికరాలకూ సమాచారాన్ని పంచుతుంది. పాత మోడెమ్ వెనుక ఉన్న నాలుగు ద్వారాలలో ఒకటి కింది నుండి వచ్చే తీగకు, మిగిలిన మూడు పై గదిలోని పరికరాలకు సరిగ్గా సరిపోతాయి.

ఒక ఒర – రెండు కత్తులు

పాత మోడెమ్‌ను అటక మీద నుండి దించి, ఉన్నది ఉన్నట్లుగా తీగ కలిపితే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడే ఈ పాఠంలోని కీలకమైన విషయం ఉన్నది.

ఇంటి నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి పరికరానికి ఐపీ చిరునామా కావాలి. కొత్తగా చేరిన ఫోను ‘నాకు చిరునామా ఎవరిస్తారు?’ అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేటట్లు అడుగుతుంది. ప్రధాన రూటర్ జవాబిచ్చి ఒక చిరునామాను కేటాయిస్తుంది. ఇంటర్నెట్‌కు వెళ్ళవలసినప్పుడు ఏ ద్వారం గుండా వెళ్ళాలో కూడా చెబుతుంది. ఈ ఏర్పాటుకే డీహెచ్‌సీపీ అని పేరు. పాత మోడెమ్‌లోని రూటర్ కూడా ఈ పని తనదేనని నమ్ముతుంది. తనను కొలువు నుండి తొలగించిన సంగతి దానికి తెలియదు. ఫోను అడిగిన ప్రశ్నకు అది ముందుగా జవాబిస్తే, సాధారణంగా ఫోను ఆ జవాబునే స్వీకరిస్తుంది. పాత మోడెమ్ ‘బయటికి దారి నేనే’ అంటుంది. దానికి బయటి తీగే లేదు. ఫలితంగా ఆ ఫోనుకు ఇంటర్నెట్ అందదు.

ఈ చిక్కు ఒకేసారి అందరికీ రాదు. ఎవరి ప్రశ్నకు ఏ రూటర్ ముందు పలికిందనే దానిని బట్టి ఒకరి ఫోను పనిచేస్తుంది, మరొకరిది పనిచేయదు. ఉదయం పనిచేసినది సాయంత్రం ఆగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఇంటర్నెట్ సంస్థను నిందిస్తారు. అసలు దోషం మూలగదిలోని పాత పెట్టెది. దీనికి తోడు, రెండు రూటర్లకూ తయారీ సమయంలో 192.168.1.1 అనే ఒకే చిరునామా ఉండడం తరచుగా సంభవిస్తుంది. ఒకే ఊరిలో ఒకే ఇంటి సంఖ్య గల రెండు ఇళ్ళుంటే ఉత్తరాలకు ఏ గతి పడుతుందో, అప్పుడు ప్యాకెట్లకూ అదే గతి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇంటికి చిరునామాలు పంచే అధికారి ఒక్కడే ఉండాలి.

కొలువుకు సిద్ధం చేయడం

ఈ కలహాన్ని ముందుగానే నివారించి, పాత పరికరాన్ని స్విచ్‌గా సిద్ధం చేసే క్రమం ఇది.

మొదటి మెట్టు: పరికరం అడుగున ముద్రించిన వోల్టుల సంఖ్య, విద్యుత్ అడాప్టర్ మీది వోల్టుల సంఖ్య ఒకటే కావాలి. అడాప్టర్ ఇవ్వగలిగిన ఆంపియర్లు పరికరానికి కావలసిన వాటికన్నా తక్కువ కాకూడదు. మరొక వస్తువు అడాప్టర్‌ను తొందరపడి తగిలిస్తే పరికరం కాలిపోయే ప్రమాదం ఉన్నది.

రెండవ మెట్టు: పరికరానికి విద్యుత్తు ఇచ్చి, వెనుక ఉన్న రీసెట్ అనే సన్నని రంధ్రంలో పిన్నుతో సుమారు పది సెకన్లపాటు నొక్కి పట్టుకోవాలి. దీనితో పాత సంకేతపదాలు, కనెక్షన్ వివరాలు చెరిగిపోయి, పరికరం తయారైన నాటి స్థితికి చేరుతుంది.

మూడవ మెట్టు: పాత పరికరాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కలపకుండా, ఒక కంప్యూటర్‌కు మాత్రమే తీగతో కలపాలి. పరికరం అడుగున ఉన్న చీటీలో దాని చిరునామా, వినియోగదారు పేరు, సంకేతపదం ఉంటాయి. కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లో ఆ చిరునామాను టైపు చేస్తే పరికరపు అమరికల పేజీ తెరుచుకుంటుంది. ముందుగా ఆ సంకేతపదాన్ని మార్చి, కొత్తదానిని రాసి పెట్టుకోవాలి.

నాల్గవ మెట్టు: పాత పరికరానికి కొత్త చిరునామా ఇవ్వాలి. ప్రధాన రూటర్ చిరునామా 192.168.1.1 అయితే పాతదానికి 192.168.1.2 ఇవ్వవచ్చు. తొలి మూడు సంఖ్యలు ప్రధాన రూటర్‌లో ఉన్నవే కావాలి, చివరి సంఖ్య వేరు కావాలి. ప్రధాన రూటర్ ఇతర పరికరాలకు పంచిపెట్టే సంఖ్యల వరుసలో ఆ సంఖ్య ఉండకూడదు. ఉదాహరణకు ప్రధాన రూటర్ 100 నుండి 200 వరకు పంచుతూ ఉంటే 2 అనే సంఖ్య నిరపాయకరం. ఈ మార్పును భద్రపరచగానే తెరిచి ఉన్న పేజీ ఆగిపోతుంది. అది లోపం కాదు. పరికరం కొత్త ఇంటి సంఖ్యకు మారిందని అర్థం. కొత్త చిరునామాతో మళ్ళీ ప్రవేశించాలి. అలా తెరుచుకోకపోతే కంప్యూటర్ తీగను ఒకసారి తీసి మళ్ళీ పెట్టాలి.

ఐదవ మెట్టు: డీహెచ్‌సీపీ సేవను నిలిపివేయాలి. ఇదే ప్రధానమైన మెట్టు. దీనితో పాత రూటర్ చిరునామాల అధికారాన్ని వదులుకొని నిశ్శబ్దమవుతుంది. మౌనం వహించవలసిన చోట మౌనం వహించడం కూడా కొలువులో భాగమే.

ఆరవ మెట్టు: వైఫై అవసరం లేకపోతే దానిని ఆపివేయాలి. పై అంతస్తులో అదనపు వైఫై కావాలంటే వాడుకోవచ్చు. అయితే డబ్ల్యుపిఎ2 అనే రక్షణ పద్ధతిని ఎంచుకోవాలి. పరికరంలో డబ్ల్యుఇపి అనే పాత పద్ధతి మాత్రమే ఉంటే వైఫైని ఆపివేయడమే క్షేమం. ఆ పద్ధతిని ఛేదించడం సులభమని ఏనాడో రుజువైంది.

ఏడవ మెట్టు: అమరికలను భద్రపరచి, పరికరాన్ని ఆపి, మళ్ళీ ప్రారంభించాలి. ప్రధాన రూటర్‌లోని ఒక ల్యాన్ పోర్టు నుండి వచ్చిన తీగను పాత పరికరంలోని ల్యాన్ పోర్టులలో ఒకదానికి కలపాలి. టెలిఫోన్ రంధ్రాన్ని ఖాళీగా వదిలిపెట్టాలి. కొన్ని నమూనాలలో వ్యాన్ అనే మరొక ద్వారం ఉంటుంది. అది కూడా ఖాళీగానే ఉండాలి. మిగిలిన ల్యాన్ పోర్టులకు కంప్యూటర్‌ను, టెలివిజన్‌ను కలిపి పరీక్షించాలి. కంప్యూటర్‌కు వచ్చిన చిరునామా ప్రధాన రూటర్ పంచే వరుసలోనిదైతే, బయటికి దారిగా ప్రధాన రూటర్ చిరునామాయే కనిపిస్తే, ఏర్పాటు సరిగా జరిగినట్లే.

ఒక హెచ్చరిక అవసరం. రెండు తీగలు కలిపితే వేగం రెట్టింపవుతుందనే భ్రమతో ప్రధాన రూటర్‌కు, పాత పరికరానికి మధ్య రెండు తీగలు కలపరాదు. అందరినీ ఉద్దేశించిన ప్రకటన ఒక తీగలో వెళ్ళి, రెండవ తీగలో తిరిగి వచ్చి, మళ్ళీ మొదటి తీగలో ప్రవేశిస్తుంది. ఆ సుడి ఆగదు. క్షణాలలో నెట్‌వర్క్ అంతా స్తంభిస్తుంది. ఇటువంటి సుడిని పసిగట్టి ఆపే ఏర్పాటు సాధారణ గృహ పరికరాలలో చాలావాటికి ఉండదు.

గుణంతో పాటు పరిమితి

పాతదాని గుణాన్ని గుర్తించినవారు దాని పరిమితిని కూడా గుర్తించాలి. ఎ.డి.ఎస్.ఎల్. కాలపు పరికరాలలో చాలావాటి ల్యాన్ పోర్టుల గరిష్ఠ వేగం సెకనుకు 100 మెగాబిట్లు. ఆ కాలపు మెరుగైన ఎ.డి.ఎస్.ఎల్. పద్ధతి కూడా గరిష్ఠంగా 24 మెగాబిట్లే ఇవ్వగలిగేది. కాబట్టి అప్పటికి 100 ఎక్కువే. ఫైబర్ కనెక్షన్ వేగం 100 మెగాబిట్లకు లోబడి ఉంటే పాత స్విచ్ దానికి అడ్డు రాదు. కనెక్షన్ వేగం 200 లేదా 300 అయితే, స్విచ్ వెనుక ఉన్న పరికరాలన్నీ కలిసి 100 లోపే పొందుతాయి. పెద్ద కాలువకు చిన్న తూము పెట్టినట్లవుతుంది. అటువంటి ఇంటికి 1000 మెగాబిట్ల వేగం గల కొత్త స్విచ్ కొనడమే యుక్తం.

విద్యుత్ వినియోగాన్ని కూడా లెక్కించాలి. ఐదు వాట్లు వాడే పరికరం రేయింబవళ్ళు పనిచేస్తే రోజుకు 120 వాట్-గంటలు, సంవత్సరానికి సుమారు 44 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. స్విచ్‌గా మాత్రమే పనిచేసేందుకు తయారైన చిన్న పరికరానికి సాధారణంగా ఇంతకన్నా తక్కువ చాలు. అందువల్ల అవసరం లేనప్పుడు పాత పరికరాన్ని ఆపివేయడం మంచిది. పొదుపు కోసం చేసిన పని దుబారాకు దారి తీయరాదు.

మూడవది భద్రత. పాత పరికరాలకు తయారీదారులు కొత్త సవరణలు పంపడం ఎప్పుడో మానివేసి ఉంటారు. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రామ్ లోకమంతటా లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొని, వాటితోనే పెద్ద వెబ్‌సైట్ల మీద దాడి చేయించింది. అది ప్రయోగించిన ఆయుధం చాలా చిన్నది. తయారీ సమయంలో ఇచ్చిన సంకేతపదాలను యజమానులు మార్చకపోవడమే దానికి తాళపుచెవి అయింది. స్విచ్‌గా మారిన పాత మోడెమ్ ప్రధాన రూటర్ వెనుక ఉంటుంది కనుక నేరుగా బయటి దాడికి గురికాదు. అయినా సంకేతపదాన్ని మార్చడాన్ని విస్మరించరాదు.

పరికరం నిజంగా సొంతమా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇంటర్నెట్ సంస్థ అద్దెకు ఇచ్చిన మోడెమ్ అయితే దానిని తిరిగి అప్పగించడమే ధర్మం.

తుది వీడ్కోలు

ఎంత వివేకంతో వాడినా ప్రతి వస్తువుకూ ఒకనాడు అంత్యదశ వస్తుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి మళ్ళించినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే. పాత సర్క్యూట్ పలకల అతుకులలో సీసం ఉంటుంది. రాగి కోసం ప్లాస్టిక్ తొడుగుల తీగలను బహిరంగంగా కాల్చితే వెలువడే పొగలో డయాక్సిన్లు అనే విషపదార్థాలు ఉంటాయి. ఆ పొగను ముందుగా పీల్చేది, ఆ పని చేసి పొట్ట పోసుకునే నిరుపేదలే. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, నమోదైన శుద్ధి కేంద్రాల ద్వారానే వీటిని పరిష్కరించాలని, ఆ బాధ్యతలో ఉత్పత్తిదారులు పాలుపంచుకోవాలని నిర్దేశిస్తున్నాయి. పనిచేయని మోడెమ్‌ను చెత్తకుండీలో వేయకుండా అటువంటి సేకరణ కేంద్రానికి అందజేయాలి. ఇవ్వబోయే ముందు రీసెట్ చేసి, సొంత వివరాలను చెరిపివేయాలి.

ఒక పాత మోడెమ్‌ను మరి కొన్ని సంవత్సరాలు వాడినంత మాత్రాన కోట్ల టన్నుల వ్యర్థం కరిగిపోదు. ఒక ఇంట్లో ఒక కొత్త పరికరం కొనుగోలు తప్పుతుంది, ఒక గదిలో చదువు నిరాటంకంగా సాగుతుంది. దానితో పాటు ఆ పెట్టెలో ఏమున్నదో ఆ ఇంట్లోని ఒక విద్యార్థికి తెలుస్తుంది. బొంత కుట్టిన తల్లికి గుడ్డ తెలుసు. బిందెకు మాటు వేసిన పనివాడికి లోహం తెలుసు. ఆ తెలివిడి ఉన్నవారి చేతికి వచ్చిన పాత వస్తువుకే రెండవ కొలువు దొరుకుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

వివేచన = మంచిచెడ్డలను విచారించి తెలుసుకోవడం
జీర్ణోద్ధరణ = శిథిలమైన దానిని బాగుచేసి నిలబెట్టడం
మాటు = లోహపాత్ర చిల్లికి వేసే అతుకు
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
దుబాసీ = ఒకరి భాషను మరొకరికి తెలిపేవాడు
సమంజసం = తగినది, న్యాయమైనది
విపణి = అంగడి, మార్కెట్
ముదావహం = సంతోషాన్ని కలిగించేది
తూము = నీరు పారడానికి కట్టిన ఇరుకు దారి
నిరాటంకంగా = అడ్డంకి లేకుండా

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత మోడెమ్ రూటర్‌ను స్విచ్‌గా సిద్ధం చేసే క్రమాన్ని వివరించండి.
2. ‘గుణంతో పాటు పరిమితిని కూడా గుర్తించాలి’ అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒకే పెట్టెలో ఉన్న నలుగురు సేవకులు ఎవరు? వారి పనులేమిటి?
2. హబ్‌కు, స్విచ్‌కు గల భేదాన్ని తెలపండి.
3. ఒకే ఇంటిలో రెండు రూటర్లు చిరునామాలు పంచితే కలిగే చిక్కు ఎటువంటిది?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. మూసి ఉన్న ప్లాస్టిక్ పెట్టె మాత్రం తనలో ఏమున్నదో చెప్పదు.
2. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.
3. మౌనం వహించవలసిన చోట మౌనం వహించడం కూడా కొలువులో భాగమే.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఈథర్‌నెట్ అనే పేరును ప్రతిపాదించినది ఎవరు?
2. మ్యాక్ చిరునామాలో ఎన్ని బిట్లు ఉంటాయి?
3. ‘కల్పన’ సంస్థకు తన భార్య పేరు పెట్టిన సహ వ్యవస్థాపకుడు ఎవరు?
4. పాత మోడెమ్‌ను ప్రధాన రూటర్‌కు కలిపేటప్పుడు ఖాళీగా వదలవలసిన ద్వారాలు ఏవి?

V. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి: జీర్ణోద్ధరణ, విద్యార్థి, ఏమున్నదో, అటకెక్కింది.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: నాలుగు ద్వారాలు, విద్యుత్ వినియోగం, మంచిచెడ్డలు, పాత పరికరం.
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: అటకెక్కు, పొట్ట పోసుకొను, ఇంటిల్లిపాది.

VI. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో వాడకం మానిన ఒక ఎలక్ట్రానిక్ వస్తువును ఎంచుకోండి. దానిలోని ఏ భాగానికి పని పోయిందో, ఏ భాగం ఇంకా పనిచేయగలదో పెద్దలను, సాంకేతిక నిపుణులను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.